మిద్దె మీది కుండీల గడ్డలన్నీ కలిసిపోయాయి, ఏది ఏదో గుర్తుపట్టేదెలా?

మిద్దెతోట, అనంతపురం (డిసెంబరు 28)

అందరికీ నమస్కారం. నేను ఆర్టీసీ గ్యారేజీలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. మొక్కలు మా ఇంటావిడ చూసుకునేది. ఆమె సెప్టెంబరు నెలాఖరున అమ్మాయి కాన్పుకని న్యూజెర్సీ వెళ్లింది, మార్చి నెలాఖరుకు వస్తుంది. పోయేముందు మిద్దె మీది 23 కుండీలు నాకు అప్పజెప్పి, దేనికి ఎన్ని మగ్గుల నీళ్లు పోయాలో నోటుబుక్కులో రాసి ఇచ్చింది.

నవంబరు వానలకు మిద్దె కారింది. ఈ నెలలో వాటర్‌ప్రూఫింగ్ చేయించాను. కుండీలన్నీ మెట్లగదిలో పెట్టమని పనివాళ్లకు చెప్పి, మా అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. తిరిగొచ్చి చూస్తే, ఆకులు రాలి ఎండిపోయినట్టున్న 14 కుండీల మట్టి మొత్తం ఒక మూల కుప్పగా పోసి ఉంది. మోయడానికి బరువు తగ్గుతుందని అలా చేశారట. చచ్చిన చెట్లే కదా అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేను కూడా అవి చచ్చిపోయాయనే అనుకున్నాను. నా చేతుల్లో ఇన్ని చెట్లు పోయాయే, ఆమెకు ఏం చెప్పాలా అని నెల రోజులుగా టెన్షన్ పడుతున్నాను.

ఆ మట్టి ఎత్తేటప్పుడు గడ్డలు బయటపడ్డాయి. ఒక్కొక్కటే ఏరి తొట్టిలో వేశాను. మొత్తం ఆరు రకాలు కనిపిస్తున్నాయి.

1. పంగలకర్ర మాదిరి రెండుగా చీలినవి. లేత గోధుమరంగు, తొక్క నునుపు. ఒక్కో కొమ్మ నా వేలికన్నా కాస్త పొడుగు. 5 ఉన్నాయి.

2. ఉసిరికాయ నుంచి నిమ్మకాయంత ఉన్నవి. కొంచెం అణిగి, పైన బొడిపెలు బొడిపెలుగా ఉన్నాయి. మట్టిరంగు. 9.

3. సన్న గెనుసుగడ్డలు ఒక ఎండిన కాడ మొదట్లో గుత్తిగా అతుక్కున్నట్టున్నవి. గుత్తులు 2. పార తగిలి విడిపోయిన విడి గడ్డలు 7.

4. అచ్చం గెనుసుగడ్డలే, విడివిడిగా. 4.

5. నల్లగా, చింతగింజ కన్నా చిన్నవి. సన్నతీగకు పూసలు గుచ్చినట్టున్నాయి. లెక్కలేనన్ని.

6. తెల్లగా, ద్రాక్షపండ్లలా నీరు నిండినట్టున్నవి. వేర్లకు మధ్య మధ్యలో వేలాడుతున్నాయి.

ఇవికాక ముల్లంగిలా ఉండి తొక్క నల్లగా ఉన్నది ఇంకొకటుంది.

ఫోన్‌లో మా ఆవిడను అడిగితే పోయిన చెట్ల పేర్లు చెప్పింది. లాల్‌బాగ్ పూలప్రదర్శనకు పోయినప్పుడు బెంగళూరులో కొన్న డాలియా, రంగుల చేమాకు, పసుపుపచ్చ ఆకుల తీగ, మెట్ల రెయిలింగుకు పాకించే ఎర్రపూల తీగ, దారాల్లాంటి ఆకులుండే వేలాడే చెట్టు. కానీ ఆమె చూసింది ఆకులూ పూలూ. ఏ గడ్డ దేనిదో ఫొటోలు చూసి ఆమె కూడా చెప్పలేకపోతోంది. కుండీల మీద మార్కర్‌తో రాసిన పేర్లు ఎండకు ఎప్పుడో చెరిగిపోయాయి.

మా అమ్మాయి అక్కడ డాలియా గడ్డలు తవ్వి చలికాలమంతా గరాజులో చల్లగా దాస్తారని వీడియో పంపింది. మనకు గరాజు లేదు కాబట్టి అన్నీ ఒక కవర్లో వేసి ఫ్రిజ్ కింది ట్రేలో పెట్టాను. ఈ రోజు పొద్దున మా అమ్మ ఫ్రిజ్ తీసి, "గెనుసుగడ్డలు తెచ్చినావే, ఉడకేయరా" అంది. ఆమెకు 84 ఏళ్లు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఇవి తినేవా, తినకూడనివా? ఏవి ఎలా దాచాలి? ఆమె వచ్చేలోగా ఒక్కటైనా పోకుండా చూడాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

నర్సరీపని, కర్నూలు (డిసెంబరు 28)

సార్, ముందు ఆ కవరు ఫ్రిజ్ లోంచి తీసేయండి. మిగతా మాట తర్వాత. మీ ఒకటో రకం నాభి. పంగలకర్ర ఆకారం చెబుతుంటేనే తెలిసిపోయింది. మా పల్లెల్లో కంచెల మీద పాకుతుంది, ఎర్రగా పసుపుగా మంటలాగా పూస్తుంది, అగ్నిశిఖ అని కూడా అంటారు. గడ్డ విషం. అమ్మగారికి ఇప్పుడే చెప్పండి. అదే ట్రేలో ఉన్న కూరగాయలు బాగా కడగండి, దానికి ఆనుకుని ఉన్నవి ఏమన్నా ఉంటే పారేయండి.

రెండోది కలేడియం, అదే మీరన్న రంగుల చేమాకు. మూడోది డాలియా. ఐదోది తుంగ, దాన్ని ఏ కుండీలోకీ రానివ్వద్దు. డాలియా విడి గడ్డలు కూడా పారేయకండి, మట్టిలో పెడితే సగమన్నా మొలుస్తాయి.

సైన్సుటీచరు, కడప (డిసెంబరు 29)

అన్నా, కర్నూలు ఆయన చెప్పిన మొదటి మాట మీరు వెంటనే చేసి ఉంటారని అనుకుంటున్నాను. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా బడి తోటలో కంచె మీద నాభి తీగ ఉంది. ప్రతి ఏడాదీ పిల్లలకు మొదట చెప్పే పాఠం దాని గురించే. కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను.

నాభి గడ్డలో ఉండే విషం పేరు కాల్చిసిన్. ఉడకబెడితే పోదు, వేపితే పోదు. గెనుసుగడ్డ అనుకుని ఉడికించుకుని తిని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉన్నారు. తిన్న వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, అప్పటికే ఆలస్యమవుతుంది. ఎవరైనా తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, మిగిలిన గడ్డ ముక్కను వెంట తీసుకుని ఆసుపత్రికి పోవాలి. ఇదే కాల్చిసిన్‌ను గౌట్ అనే కీళ్ల జబ్బుకు అతి చిన్న మోతాదులో మందుగా వాడతారు. దాని కోసమే తమిళనాడులో రైతులు నాభిని పంటగా వేస్తారు, గింజలు అమ్ముతారు. ఆ పువ్వు తమిళనాడు రాష్ట్ర పుష్పం కూడా. కాబట్టి చెట్టును చూసి భయపడి తీసేయనవసరం లేదు. గడ్డ వంటగదిలోకి రాకుండా ఉంటే చాలు.

ఇక గుర్తుపట్టడం. రంగునూ ఆకారాన్నీ మాత్రమే నమ్మితే పొరపాటు జరుగుతుంది. గడ్డ మీద మొలక వచ్చే చోటు ఎక్కడుందో చూడండి. నాభి గడ్డకు మొలక కొమ్మ చివరనే వస్తుంది, ఒక్కో కొమ్మకు ఒక్కటే. ఆ కొస విరిగితే ఆ కొమ్మ ఇక మొలవదు. గడ్డ కూడా పెళుసు, కాబట్టి గ్లౌజు తొడుక్కుని నెమ్మదిగా పట్టుకోండి. కలేడియానికి పైన బొడిపెలే కళ్లు, అంటే మొలక వచ్చే చోట్లు. దాని రసం తగిలితే మన చేమ, కంద దురద పెట్టినట్టే చేతులు దురద పెడతాయి.

మీ మూడో రకానికీ నాలుగో రకానికీ తేడా తెలియాలంటే చిన్న పరీక్ష ఉంది. వంటకు వాడని పాత బ్లేడు తీసుకుని తోక చివర కొంచెం గాటు పెట్టండి. తెల్లటి పాలు ఊరితే అది గెనుసుగడ్డ జాతి. మీ ఆవిడ చెప్పిన పసుపుపచ్చ ఆకుల తీగ అదే, అందానికి పెంచే గెనుసుతీగ. డాలియాకు పాలు రావు, నీళ్లలాంటి తడి కనిపిస్తుంది. ఒకటో రకానికి ఈ పరీక్ష వద్దు, దాని ఆకారమే చాలు. రుచి చూసి తెలుసుకోవడం మాత్రం ఏ గడ్డకూ వద్దు. ఆ గెనుసుగడ్డ జాతి గడ్డ సూత్రానికి తినదగినదే. కానీ కుండీలో ఏ మందులు కొట్టారో తెలియదు, పైగా నాభితో కలిసి ఒకే కవర్లో ఉంది. అందుకని అది కూడా వంటకు పనికిరాదనే అనుకోండి.

ఆరో రకం ఆస్పరాగస్ ఫెర్న్‌వి, మీ ఆవిడ చెప్పిన దారాల్లాంటి ఆకుల వేలాడే చెట్టు అదే. అవి నీటి సంచులు. వాటికి కళ్లు ఉండవు, విడిగా పాతితే మొలవవు. ఆ చెట్టు మొదలు ఎక్కడైనా దొరికితే దాన్ని మట్టిలో పెట్టి తడుపుతూ ఉండండి.

డాలియా విడి గడ్డల విషయంలో మాత్రం కర్నూలు ఆయనతో నేను ఏకీభవించను. డాలియాకు గడ్డ ఒంటి మీద కళ్లుండవు. పాత కాడ మొదట్లో, గడ్డ మెడ దానికి అతుక్కునే చోట ఉంటాయి. ఆ మొదలు ముక్క అంటుకుని ఉన్న గడ్డే మొలుస్తుంది. మెడ దగ్గర విరిగిన గడ్డ ఎంత బలంగా ఉన్నా, వేర్లు వేసినా చిగురు మాత్రం వేయదు.

ఇక నల్ల ముల్లంగి లాంటిదాన్ని కుండీలో పెట్టి చూడండి. ఊహలున్నాయి గానీ ఆకు రాకముందే చెప్పను.

మిద్దెతోట, అనంతపురం (డిసెంబరు 30)

మేడమ్, కర్నూలు తమ్ముడూ, ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. నిన్న రాత్రే ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి కడిగాను. ట్రేలో ఉన్న కూరగాయలన్నీ పారేశాను. అమ్మకు వివరంగా చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "మా చిన్నప్పుడు మేకల్ని ఆ తీగ దగ్గరికి పోనిచ్చేవాళ్లం కాదు" అంది. తీగ ఆమెకు బాగా తెలుసు, గడ్డను మాత్రం ఎప్పుడూ చూడలేదు. సంక్రాంతి దగ్గర పడింది కాబట్టి బజార్లో నిజం గెనుసుగడ్డలు వచ్చాయి. అవి వేరేగా తెచ్చి ఉడికించి పెట్టాను.

మీరు చెప్పిన పరీక్ష చేశాను. నాలుగో రకం నాలుగింటికీ పాలు వచ్చాయి. డాలియా అనుకున్న విడి గడ్డలకు రాలేదు. భూతద్దం పెట్టి మెడలు చూస్తే ఏడింటిలో ఒక్కదానికే కాడ ముక్క అంటుకుని ఉంది, దాని మీద ఆవగింజంత ఎర్రటి మొటిమ కూడా కనిపించింది. నాభి ఐదింటిలో ఒకదానికి రెండు కొసలూ విరిగిపోయి ఉన్నాయి. అది పార దెబ్బ.

నాకు ఇంకా అర్థం కానిదొకటుంది. అమ్మాయి వాళ్ల ఊళ్లో మంచుకు ఆకులు నల్లబడగానే తవ్వి, మే నెల వరకు దాస్తారట. మనకు అనంతపురంలో మంచు లేదు, జనవరిలో కూడా మధ్యాహ్నం చొక్కా తడుస్తుంది. మరి ఇవెందుకు ఎండిపోయాయి? నేను నీళ్లు సరిగ్గానే పోశాను, బుక్కులో రాసినట్టే.

సైన్సుటీచరు, కడప (డిసెంబరు 30)

అన్నా, మీ నీళ్ల తప్పు లేదు. ఆ చెట్లు చావలేదు, నిద్రపోయాయి.

అన్నిటికీ ఒకే చలికాలం అనుకోవడం వల్ల ఈ తికమక వస్తుంది. డాలియా పుట్టిల్లు మెక్సికో కొండలు. అక్కడ వాన కురిసినప్పుడు పెరిగి, ఎండు కాలంలో గడ్డలోకి వెళ్లిపోతుంది. పగలు తగ్గి రాత్రులు పెరిగేకొద్దీ గడ్డ ఊరుతుంది. న్యూజెర్సీలో దానికి శత్రువు మంచు. నేల గడ్డకడితే గడ్డ కుళ్లిపోతుంది, అందుకని తవ్వి ఇంట్లో దాస్తారు. మనకు శత్రువు ఏప్రిల్, మే ఎండ. వాళ్లు చలికి దాస్తారు, మనం ఎండకు దాయాలి. మన చలికాలమే డాలియాకు హాయి. మీవి వానాకాలంలోనే పూసేసి ఒక విడత ముగించుకున్నట్టున్నాయి. కాబట్టి ఒక గుత్తి ఇప్పుడే మట్టిలో పెట్టండి, రెండోది దాచండి. కళ్లున్న విడి గడ్డను కూడా ఇప్పుడే పెట్టేయండి, అంత చిన్నది ఆరునెలలు ఆగలేదు.

కలేడియం దక్షిణ అమెరికా వేడి అడవుల చెట్టు. పగలు తగ్గి, రాత్రులు కాస్త చల్లబడి, గాలి పొడిబారగానే ఆకు వదిలేస్తుంది. దానికి పదిహేను డిగ్రీల కన్నా తగ్గితేనే బాధ. ఫ్రిజ్‌లో నాలుగైదు డిగ్రీలే ఉంటాయి, వారం ఉంచితే లోపల మెత్తబడి కుళ్లుతుంది. గెనుసుతీగ గడ్డకూ అంతే, చలి పడదు. నాభి మన నేలదే. వానలు తగ్గి కాయ పండగానే తీగ ఎండుతుంది, మళ్లీ జూన్‌లో తొలకరి పడితే లేస్తుంది. ఎవరు ఎన్ని నీళ్లు పోసినా ఇప్పుడు లేవదు.

పసుపుచేను, మైదుకూరు (డిసెంబరు 31)

అన్నా, నేను పసుపు పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. మాకు జనవరి నుంచి పసుపు తవ్వుడు మొదలవుతుంది, మళ్లీ విత్తేది జూన్‌లో. ఆ నాలుగైదు నెలలు, అందులోనూ కడప ఎండల్లో, విత్తనం చెడకుండా కాపాడటమే మా నాయన జీవితమంతా చేసిన పని. మీ గడ్డలకూ ఆ పద్ధతే సరిపోతుంది.

గడ్డలు కడగకండి. చేత్తో మట్టి దులిపి, నీడలో, గాలి ఆడే చోట గోనెసంచి మీద రెండు మూడు రోజులు ఆరబెట్టండి. ఎండలో పెట్టకండి. దెబ్బ తగిలిన చోట తోలు కట్టినట్టు గట్టిపడాలి. అలా గట్టిపడనిది దాస్తే అక్కడినుంచే కుళ్లు మొదలవుతుంది. కోసిన చోట కట్టెల బూడిద అద్దుతాం మేము.

మేము విత్తనాన్ని నీడలో కుప్పపోసి పసుపాకు కప్పుతాం. గుంతలో దాచేవాళ్లు ఇసుక, రంపపు పొట్టు వేసి పైన పలకలు పరుస్తారు, గాలికి సందు మాత్రం తప్పకుండా వదులుతారు. మీకు అంత అవసరం లేదు. అనంతపురంలో శెనక్కాయ మిల్లులకు కొదవలేదు, ఒక సంచి పొట్టు తెచ్చుకోండి. అది బాగా ఎండిందై ఉండాలి. అట్టపెట్టెకు అటూ ఇటూ చిల్లులు పెట్టి, ఒక వరస పొట్టు, ఒక వరస గడ్డలు, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. ప్లాస్టిక్ కవరు వద్దు. లోపల చెమ్మ పట్టి మూడో వారానికి బూజు వస్తుంది. కవర్లో దాచి ఒక ఏడాది మేము విత్తనమంతా పోగొట్టుకున్నాం. ఆ జూన్‌లో అప్పు చేసి విత్తనం కొన్నాం. అందుకే గట్టిగా చెబుతున్నా.

డాలియాకు మాత్రం పొట్టు కన్నా ఇసుక మేలు. దాని తొక్క పలచన, తొందరగా ముడతలు పడుతుంది. ఇసుకను పిడికిట్లో నొక్కితే ఉండ కట్టి వదలగానే విడిపోవాలి, అంత తడి చాలు. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గది, ఉత్తరం గోడ వైపు, నేల మీద పెట్టండి.

నెలకోసారి పెట్టె తెరవండి. నొక్కితే గట్టిగా ఉంటే మూసేయండి. ముడత పడితే దాహం, కొంచెం నీళ్లు చిలకరించండి. మెత్తబడితే తీసేయండి, వాసన వచ్చేదాకా ఆగొద్దు. తెల్లటి పిండినల్లి కూడా చూసుకోండి, గడ్డ సందుల్లో దాక్కుంటుంది. పందికొక్కులు తిరిగే ఇల్లయితే పెట్టె మీద బరువు పెట్టండి.

కొత్తకుండీ, హిందూపురం (జనవరి 2)

అంకుల్, పేర్లకు మార్కర్ వాడొద్దు. పెన్సిల్‌తో రాయండి, ఎండకూ వానకూ చెరగదు. పాత పెరుగు డబ్బా ప్లాస్టిక్ ముక్క కోసి రాసి, ఒకటి కుండీ పైన, ఒకటి మట్టి లోపల పెట్టండి. పైది కాకులు ఎత్తుకుపోయినా లోపలిది ఉంటుంది. నేను అలాగే చేస్తున్నా.

తుంగ గడ్డల్ని ఎరువు గుంతలో మాత్రం వేయకండి. ఎండలో బండ మీద పలచగా పరిచి, కరకరలాడేదాకా ఎండబెట్టి పారేయండి. ఒక్క పూస మిగిలినా ఆ కుండీ మళ్లీ మొత్తం తుంగే.

నర్సరీపని, కర్నూలు (జనవరి 2)

టీచరమ్మ చెప్పింది రైటే. మా దగ్గర గుత్తుల్ని కాడతో సహా చీల్చి అమ్ముతాం, కాబట్టి అన్నీ మొలిచేవి. విడి గడ్డ సంగతి నేను సరిగా చూడలేదు. సార్, కాడ లేనివి పెట్టి కుండీలు వృథా చేసుకోకండి.

కలేడియం తొందరపడి నాటొద్దు. మార్చి చివర పెట్టినా మొలుస్తుంది గానీ, ఆ లేత ఆకు మన ఏప్రిల్ వడగాలికి కాగితంలా మాడుతుంది. నీడ, తేమ రెండూ ఇవ్వగలిగితేనే అప్పుడు పెట్టండి, లేకపోతే జూన్ దాకా ఆగండి.

మిద్దెతోట, అనంతపురం (జులై 19)

ఆరు నెలల తర్వాత రాస్తున్నాను. అడిగి జవాబులు తీసుకుని ఊరుకోవడం న్యాయం కాదు, ఏం జరిగిందో అందరికీ తెలియాలి.

జనవరి 4న ఒక డాలియా గుత్తి, కళ్లున్న ఆ విడి గడ్డ కుండీల్లో పెట్టాను. మిగతా ఆరు విడి గడ్డలను కూడా ఒక తొట్టిలో వేశాను. టీచరు మేడమ్ మీద నమ్మకం లేక కాదు, నా కళ్లతో చూడాలనిపించింది. గుత్తి పదిహేను రోజులకు మొలిచింది, కళ్లున్న విడి గడ్డ మూడు వారాలకు మొలిచింది. ఆ ఆరూ నెలన్నర తర్వాత తవ్వి చూస్తే తెల్లటి వేర్లు వేశాయి గానీ చిగురు లేదు. మేడమ్ చెప్పింది అక్షరాలా అదే.

మార్చి మూడో వారంలో గుత్తికి రెండు పూలు వచ్చాయి. ఎండ ముదిరింది కాబట్టి చిన్నవే, ఎర్రగా, అరచేతిలో సగం. మా ఆవిడ 27న దిగింది. సూట్‌కేసు కింద పెట్టకుండానే మెట్లెక్కి మిద్దె మీదికి పోయింది. ఆ రెండు పూల దగ్గర చాలాసేపు నిలబడింది, ఏమీ అనలేదు. తర్వాత కిందికి వచ్చి నోటుబుక్కు అడిగింది. నీళ్ల లెక్కల కింద నేను రాసుకున్న గడ్డల లెక్కలన్నీ చదివింది.

శెనక్కాయ పొట్టులో పెట్టిన కలేడియం తొమ్మిదింటిలో రెండు ఫిబ్రవరిలో మెత్తబడ్డాయి. ఫ్రిజ్‌లో కవరుకు అడుగున ఉన్నవే అవి అని నా అనుమానం. మిగతా ఏడు జూన్ రెండో వారంలో పెట్టాం, ఏడూ ఆకులు విప్పాయి. గెనుసుతీగ నాలుగూ బాగున్నాయి, వాటి కొమ్మలు తుంచి గుచ్చితే ఇంకో ఆరు కుండీలు అయ్యాయి. ఇసుకలో దాచిన డాలియా గుత్తి మేలో బాగా ముడతలు పడింది, మైదుకూరు తమ్ముడు చెప్పినట్టు నీళ్లు చిలకరిస్తూ వచ్చాను. గడ్డలు కొన్ని పోయినా మొదలు బతికింది, ఈ నెల మొదట్లో మొలక చూపింది. ఆస్పరాగస్ మొదలు దొరకలేదు. అదొక్కటి పోయింది.

నల్ల ముల్లంగి చంద్రకాంత అని తేలింది. సాయంత్రం పూట గులాబీ రంగు పూలు విచ్చుకుంటున్నాయి. మేము నాటింది కాదు, ఎక్కడినుంచో గింజ పడి మొలిచి ఉంటుంది. అది కూడా తినేది కాదని టీచరు మేడమ్ విడిగా మెసేజ్ పెట్టారు.

నాభి సంగతి చివరికి ఉంచాను. దాన్ని పెట్టాలా వద్దా అని ఇంట్లో మూడు రోజులు మాట్లాడుకున్నాం. అమ్మాయి వచ్చే ఏడాది మనవరాలితో వస్తుంది, పాకే బిడ్డ. పారేద్దామని నేనన్నాను. ఆ గడ్డ మా ఆవిడ వాళ్ల అమ్మ కదిరి దగ్గర చేను గట్టు మీదినుంచి తవ్వి ఇచ్చిందట, ఆ చేను ఇప్పుడు వాళ్లది కాదు. అది నాకు అప్పటిదాకా తెలియదు. చివరికి కొసలు విరిగినది పోగా మిగిలిన నాలుగింటినీ ఒకే పెద్ద సిమెంటు కుండీలో పెట్టి, మిద్దె మీద మెష్ తలుపు అవతల, బిడ్డలకు అందని చోట ఉంచాం. కుండీకి ఎర్ర పెయింటు వేసి, "నాభి, విషం, తవ్వొద్దు" అని నేనే రాశాను. పెన్సిల్ ముక్క లోపల కూడా ఉంది. మా అమ్మకు, వంటకు వచ్చే ఆమెకు, నీళ్ల ట్యాంకు కడిగే పిల్లవాడికి ముగ్గురికీ చూపించి చెప్పాను.

జూన్ 20న వాన పడింది. వారానికి మూడు మొలకలు లేచాయి, నాలుగోది నిన్న కనిపించింది. ఆకు కొస తీగలా సాగి, దగ్గరలో ఏముంటే దాన్ని చుట్టుకుంటుంది. ఇప్పుడు మెష్ పట్టుకుని నా భుజం ఎత్తుకు వచ్చింది. ఇంకా మొగ్గ లేదు. పూసిన రోజు ఫొటో పెడతాను.

మైదుకూరు తమ్ముడూ, ఒక సందేహం. ఈసారి తీగ ఎండాక నాభిని తవ్వకుండా కుండీలోనే నీళ్లు ఆపి వదిలేయవచ్చా?

పసుపుచేను, మైదుకూరు (జులై 20)

వదిలేయొచ్చన్నా. కుండీని వాన పడని చోటికి జరిపి, నీళ్లు పూర్తిగా ఆపండి. ఆ కొసలు విరగకుండా ఉండాలంటే తవ్వకపోవడమే మంచిది. రెండేళ్లకోసారి మాత్రం మట్టి మార్చండి, గడ్డలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుంటాయి. అమ్మగారిని అడిగానని చెప్పండి.